ఘాట్ ఎక్కనంటున్న డీజిల్ కారు: టర్బో పోయిందా, సెన్సర్ అబద్ధం చెబుతోందా?

వీడియోలో మాట్లాడిందే చదువుకోవడానికి వీలుగా కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నాను. రీడింగ్స్ పాజ్ చేసి చూడ్డం కష్టంగా ఉందని చాలామంది అడిగారు కాబట్టి, ఈసారి అంకెలన్నీ మాటల్లోనే చెప్పేస్తాను.

ముందు విషయం. అక్టోబర్ చివర్లో ఒక రాత్రి మా అక్క ఫోన్ చేసింది. గొంతు అదోలా ఉంది. "తమ్ముడూ, మీ బావ నా గాజులు బ్యాంకులో పెడతానంటున్నాడు. కారుకి టర్బో వెయ్యాలంట. నువ్వొకసారి చూడరా" అంది. నేను బీటెక్ చదివింది కంప్యూటర్ సైన్స్. నాలుగేళ్ళు కంపెనీలో కోడ్ రాశాను, ఇప్పుడు వీడియోలు చేస్తున్నాను. నాకు టర్బో గురించి ఏం తెలుసని? కానీ మా ఇంట్లో ఫోన్ హ్యాంగయినా, ఫ్యాన్ ఆగినా, కారు ఆగినా పిలుపు నాకే వస్తుంది. "ఇంజనీరు కదా" అంటారు.

మా బావది కొయ్యూరు. ఏడు సీట్ల పాత డీజిల్ కారు ఉంది. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఇందులో కంపెనీ తప్పేం లేదు, పదేళ్ళ బండికి రావాల్సిన జబ్బే వచ్చింది. నవంబర్ నుంచి జనవరి దాకా ఆయన పనంతా నర్సీపట్నం నుంచి లంబసింగికి టూరిస్టుల్ని తిప్పడం. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది కదా, అక్కడినుంచి లంబసింగి దాకా ఎక్కుడే. పైన దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. తెల్లారేసరికి చెరువులవేనం మీద మంచు చూడాలంటే జనం అర్ధరాత్రి బయల్దేరతారు. ఆ మూడు నెలల సంపాదనే సంవత్సరం మొత్తం ఈఎంఐ కడుతుంది. అలాంటిది సీజన్ మొదలవ్వకముందే బండి ఘాట్‌లో పడుకుంటోంది.

ఎలా పడుకుంటోందంటే, కింద రోడ్డు మీద బానే ఉంటుంది. ఘాట్‌లో లోడుతో మూడో గేర్లో గట్టిగా తొక్కితే వెనక నల్ల పొగ. రెండు మలుపులు తిరిగేసరికి ఉన్నట్టుండి పికప్ చచ్చిపోతుంది, డ్యాష్‌బోర్డ్ మీద ఇంజన్ లైట్ వెలుగుతుంది. ఇక రెండో గేర్లో ఈడ్చుకుంటూ పోవాలి. పక్కకి ఆపి, కీ తీసి, రెండు నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేస్తే, ఏమీ జరగనట్టు లాగుతుంది. మళ్ళీ రెండు మలుపులకి అదే కథ. ఒకసారి ఎల్‌బెండ్ మధ్యలో, వెనక లోడు లారీ ఉండగా ఇలా అయిందట. కార్లో ఇద్దరు చిన్నపిల్లలు. "ఆరోజు నా గుండె నోట్లోకి వచ్చిందిరా బామ్మర్దీ" అన్నాడు బావ.

బావ అప్పటికే రెండు చోట్లకి తిరిగాడు. మొదటి షెడ్డులో స్కానర్ పెట్టి, "బూస్ట్ సెన్సర్" అని నాలుగు వేలకి కొత్త సెన్సర్ వేశారు, కోడ్ తుడిచేసి పంపారు. రెండో రోజుకే మళ్ళీ లైట్. రెండో చోట పైపు ఊడదీసి, లోపల ఆయిల్ తడి చూపించి, "టర్బో పోయింది, కొత్తదైతే అరవై వేలు, రీకండిషన్ అయితే ముప్పై" అన్నారు. గాజుల గొడవ అక్కడ మొదలైంది. ఈ షెడ్ల పేర్లు నేను చెప్పను, మీరూ అడగొద్దు. వాళ్ళు మోసం చేశారని కూడా నేననను. వాళ్ళు చూసింది చూసినట్టే చెప్పారు. కాకపోతే చూడాల్సిన టైమ్‌లో చూడలేదు. అదెందుకో తర్వాత చెబుతాను.

టర్బో అంటే ఏంటో రెండు నిమిషాల్లో చెప్పుకుందాం. డీజిల్ ఇంజన్లో పవర్ ఎక్కువ కావాలంటే డీజిల్ ఎక్కువ కాల్చాలి. డీజిల్ ఎక్కువ కాలాలంటే గాలి ఎక్కువుండాలి. సైలెన్సర్లోకి పోయే వేడి పొగకి చాలా శక్తి ఉంటుంది, ఊరికే పోతుంది. ఆ పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుకి రెండో చివర ఇంకో చక్రం పెట్టి, దానితో బయటి గాలిని నొక్కి ఇంజన్లోకి తోస్తే? అదే టర్బో. ఆల్ఫ్రెడ్ బ్యూచి అనే స్విస్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల పైనే తిరుగుతుంది. దాన్ని కాపాడేది పల్చటి ఇంజన్ ఆయిల్ పొర ఒక్కటే. అందుకే ఘాట్ ఎక్కగానే టక్కుమని కీ తీసెయ్యొద్దు, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి అంటారు.

నొక్కిన గాలి వేడెక్కుతుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది. కాబట్టి ముందున్న ఇంటర్‌కూలర్‌కి పంపి చల్లార్చి, అప్పుడు ఇంజన్లోకి తీసుకెళ్తారు. అంటే గాలి దారి ఇలా ఉంటుంది: ఎయిర్ ఫిల్టర్, దాని పక్కనే మాఫ్ సెన్సర్, తర్వాత టర్బో, తర్వాత రబ్బరు గొట్టం, ఇంటర్‌కూలర్, ఇంకో రబ్బరు గొట్టం, ఇంజన్ మానిఫోల్డ్. చివర్లో మ్యాప్ సెన్సర్. ఈ వరస బాగా గుర్తుపెట్టుకోండి, ఈరోజు కేసంతా దీని మీదే నిలబడింది.

మాఫ్ అనేది వాచ్‌మన్ లాంటిది, గేటు దగ్గర కూర్చుని ఎంత గాలి లోపలికి వచ్చిందో లెక్క రాసుకుంటుంది. సెకనుకి ఇన్ని గ్రాములు అని చెబుతుంది. మ్యాప్ అనేది ఇంటి లోపల హాల్లో ఉంటుంది, అక్కడ ఎంత ఒత్తిడి ఉందో కిలోపాస్కల్స్‌లో చెబుతుంది. ఒకరు గేటు దగ్గర, ఇంకొకరు హాల్లో. ఇద్దరి లెక్కా కలవాలి. కలవకపోతే దారిలో ఏదో జరుగుతున్నట్టు.

ఇక్కడ ఒక పెద్ద కన్ఫ్యూజన్ ఉంది. మ్యాప్ చెప్పేది బూస్ట్ కాదు, మొత్తం ఒత్తిడి. మన చుట్టూ ఉన్న గాలికే సముద్రమట్టం దగ్గర 101 కిలోపాస్కల్స్ ఒత్తిడి ఉంటుంది. ఇంజన్ ఆపేసి కీ మాత్రం ఆన్ చేసినా మ్యాప్ సుమారు 100 చూపిస్తుంది. బూస్ట్ అంటే మ్యాప్‌లోంచి బయటి గాలి ఒత్తిడిని తీసేయగా మిగిలింది. రెండో షెడ్డులో ఆయన ఐడిల్‌లో స్కానర్ చూసి, "బూస్ట్ 99 వస్తోంది, కాబట్టి సెన్సర్ బానే ఉంది" అన్నాడట. అది బూస్ట్ కాదు బాబూ, ఊరికే ఉన్న గాలి. కానీ తమాషా ఏంటంటే ఆయన కంక్లూజన్ మాత్రం కరెక్టే. సెన్సర్ బానే ఉంది!

సరే, పనిలోకి వెళ్దాం. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకి ఓబీడీ టూ తప్పనిసరి. స్టీరింగ్ కింద, మోకాళ్ళ దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో ఈఎల్ఎం327 అనే చిన్న బ్లూటూత్ ముక్క పెట్టి, ఫోన్లో టార్క్ లాంటి యాప్ వేసుకుంటే, కారు లోపలి సెన్సర్ల మాటలు మీ ఫోన్లో కనిపిస్తాయి. ఐఫోన్ వాళ్ళు కొనే ముందు చూసుకోండి, పాతరకం బ్లూటూత్ ముక్క దానికి కలవదు, వైఫైదో, బీఎల్ఈదో కావాలి. మరీ చవకవాటిలో నకిలీలు చాలా ఉన్నాయి, సగం ప్రశ్నలకి జవాబే ఇవ్వవు. పని అయిపోయాక పీకెయ్యండి, రాత్రంతా ఉంచితే బ్యాటరీ తాగేస్తుంది. ఇంకోటి, మరీ ముఖ్యం: డ్రైవ్ చేసేవాళ్ళు ఫోన్ చూడకూడదు. బావ నడిపాడు, నేను పక్కన కూర్చుని రికార్డ్ చేశాను.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇక్కడ మజా ఉంటుంది. యాప్ కారుని అడిగేది చాలా సింపుల్. "01 0బి" అని పంపితే మ్యాప్ ఎంతో చెప్పు అని అర్థం. కారు "41 0బి 63" అని జవాబిస్తుంది. 63 హెక్సాలో ఉంది, మన లెక్కలో 99. అంతే, 99 కిలోపాస్కల్స్. ఒక్క బైటే కాబట్టి 255 దాటి చూపించలేదు. అందుకే కొన్ని కార్లలో ఎంత తొక్కినా 255 దగ్గర గీత సాఫీగా ఆగిపోతుంది. సెన్సర్ పాడైందని కంగారు పడొద్దు, బైట్ నిండిపోయిందంతే. మాఫ్‌కి రెండు బైట్లు. "14 50" వస్తే, 14 అంటే 20, దాన్ని 256తో గుణించి, 50 అంటే 80, అది కలిపితే 5200. వందతో భాగిస్తే సెకనుకి 52 గ్రాములు. ఈ నంబర్ ఊరికే చెప్పట్లేదు, బావ కారు నుంచి వచ్చిందే.

మొదట కోడ్ చదివాను. పీ0299. దీని అర్థం అండర్‌బూస్ట్, అంటే ఈసీయూ అడిగినంత ఒత్తిడి రావట్లేదు. చూడండి, కోడ్ "టర్బో మార్చు" అనట్లేదు, "సెన్సర్ మార్చు" అని కూడా అనట్లేదు. నేనడిగింది రాలేదు అంటోంది, అంతే. మన ప్రోగ్రామ్‌లో "టైమ్ అవుట్" ఎర్రర్ వస్తే సర్వర్ కొత్తది కొంటామా? నెట్ ఉందో లేదో ముందు చూస్తాం కదా. సెన్సరే పాడైతే వచ్చే కోడ్లు వేరు. బూస్ట్ సెన్సర్ సిగ్నల్ మరీ తక్కువైతే పీ0237, మరీ ఎక్కువైతే పీ0238. మాఫ్‌కి పీ0102, పీ0103 ఉన్నాయి. ఇవి చాలాసార్లు తెగిన వైరు వల్లో, తుప్పు పట్టిన కనెక్టర్ వల్లో వస్తాయి. అడిగినదానికంటే ఒత్తిడి ఎక్కువైపోతే పీ0234.

కోడ్ తుడిచేముందు ఒక పని చెయ్యండి. ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటుంటుంది, తప్పు జరిగిన క్షణంలో ఇంజన్ ఏం చేస్తోందో కారు ఒక ఫోటో తీసి పెట్టుకుంటుంది. మన భాషలో క్రాష్ డంప్. కోడ్ తుడిచేస్తే అది కూడా పోతుంది. మొదటి షెడ్డులో అదే జరిగింది. అదృష్టం కొద్దీ లైట్ మళ్ళీ వచ్చింది కాబట్టి మళ్ళీ ఫోటో దొరికింది: ఇంజన్ బాగా వేడిగా ఉంది, 2,400 ఆర్‌పీఎం, స్పీడ్ 38, లోడ్ దాదాపు పూర్తిగా. అంటే ఐడిల్‌లో కాదు, ట్రాఫిక్‌లో కాదు, ఘాట్‌లో గట్టిగా తొక్కినప్పుడే. షెడ్డులో బండి నిలబెట్టి బోనెట్ ఎత్తి చూస్తే ఈ జబ్బు కనిపించదు. చూడాల్సిన టైమ్‌లో చూడలేదన్నది ఇందుకే.

రెండో టెస్ట్ పైసా ఖర్చు లేనిది. పొద్దున్నే కొయ్యూరులో ఇంటి ముందు, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా కీ ఆన్. మ్యాప్ 99. కొన్ని ఫోన్లలో బారోమీటర్ సెన్సర్ ఉంటుంది, నా ఫోన్లో ఉంది. అది 990 హెక్టోపాస్కల్స్ అంది, అంటే 99 కిలోపాస్కల్స్. ఇద్దరి మాటా ఒకటే. తర్వాత లంబసింగి పైకెళ్ళి ఇంజన్ ఆపి మళ్ళీ చూశాం. కారు 90, ఫోన్ 90. వెయ్యి మీటర్ల ఎత్తులో అంతే ఉండాలి. సెన్సర్ సోది చెప్పేదైతే ఎక్కడో ఒకచోట దొరికిపోయేది. బావ తీసేసిన పాత సెన్సర్‌ని కూడా జాగ్రత్తగా డిక్కీలో పెట్టుకున్నాడు. అది పెట్టి చూస్తే అదీ 90. నాలుగు వేలు అనవసరంగా పోయాయని అప్పుడే తెలిసిపోయింది. బావకి ఆ క్షణంలో చెప్పలేదు.

ఒక్క మాట. రెండు చోట్ల స్టిల్‌గా కరెక్ట్ చెప్పిందంటే పైన ఒత్తిడిలో కూడా కరెక్టే చెబుతుందని గ్యారంటీ లేదు. మసి పట్టిన సెన్సర్ లేటుగా స్పందిస్తుంది. కానీ ఇక్కడ పాతదీ కొత్తదీ రెండూ ఒకేలా ప్రవర్తించాయి. రెండు వేర్వేరు సెన్సర్లు ఒకే అబద్ధం చెప్పే అవకాశం చాలా తక్కువ.

ఇక అసలు పరీక్ష. కోడ్ తుడిచి, డౌనూరు దగ్గర నుంచి లోడుతో, అంటే మా అక్క, పిల్లలు, రెండు బియ్యం బస్తాలు వేసుకుని, మూడో గేర్లో పూర్తిగా తొక్కి ఎక్కించాం. యాప్‌లో నాలుగే నాలుగు పెట్టాను: ఆర్‌పీఎం, మ్యాప్, మాఫ్, లోపలికి వెళ్ళే గాలి వేడి. ఇరవై పెడితే బ్లూటూత్ ముక్క ఒక్కొక్కటీ అడుగుతూ కూర్చుంటుంది, అంకెలు సెకన్ల తరబడి లేటవుతాయి. ఇంజన్ లైట్ వెలగకముందు వచ్చిన రీడింగే పనికొస్తుంది. వెలిగాక బండి లింప్ మోడ్‌లోకి వెళ్తుంది, అంటే తనని తాను కాపాడుకోడానికి ఈసీయూ కావాలనే బూస్ట్, డీజిల్ తగ్గించేస్తుంది. అప్పుడు తీసిన అంకెలు జబ్బువి కావు, మందువి. కీ తీసి పెడితే బండి బాగయినట్టు కనిపించేది కూడా లింప్ మోడ్ రీసెట్ అవ్వడం వల్లే.

2,400 ఆర్‌పీఎం దగ్గర వచ్చిన అంకెలు: మ్యాప్ 135, మాఫ్ 52, గాలి వేడి 50 డిగ్రీలు.

బావ ఇంజన్ 1,500 సీసీ అనుకోండి, లీటరున్నర. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి తన సైజంత గాలి పీలుస్తుంది. 2,400 చుట్లంటే 1,200 సార్లు. 1,200 ఇంటూ ఒకటిన్నర, నిమిషానికి 1,800 లీటర్లు, అంటే సెకనుకి 30 లీటర్లు. మామూలు గాలి లీటరుకి 1.2 గ్రాములు తూగుతుంది. ఇక్కడ ఒత్తిడి 135, అంటే మామూలుకి 1.33 రెట్లు. 50 డిగ్రీల వేడి వల్ల పదోవంతు పల్చబడుతుంది. మొత్తానికి లీటరుకి 1.45 గ్రాములు. 30 లీటర్లకి సుమారు 44. ఏ ఇంజనూ నూటికి నూరు నిండదు, 85 శాతం వేసుకుంటే 37 గ్రాములు.

గేటు దగ్గర వాచ్‌మన్ 52 వచ్చాయన్నాడు. హాల్లో చూస్తే 37 ఉన్నాయి. 15 గ్రాముల గాలి దారిలో మాయమైంది!

ఫ్రెండ్స్, ఇంటర్ ఫిజిక్స్‌లో గ్యాస్ ఈక్వేషన్ ఎందుకురా అనుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆరోజు ఆ ఘాట్ పక్కన బండి ఆపి, ఫోన్ కాలిక్యులేటర్‌లో ఈ లెక్క మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే వచ్చింది.

దీన్నిబట్టి చాలా తెలుస్తుంది. టర్బోనే చచ్చిపోతే గాలి లోపలికే రాదు, మాఫ్ కూడా తక్కువ చూపించాలి. టర్బోకి వాక్యూమ్ తెచ్చే సన్నటి గొట్టం చిరిగినా అంతే, రెండూ పడిపోతాయి. ఫిల్టర్ మూసుకుపోయినా, సైలెన్సర్ మూసుకుపోయినా అంతే. బీఎస్6 కార్లలో డీపీఎఫ్ మసితో నిండినా దాదాపు ఇలాగే ఉంటుంది. మాఫ్ మురికిపట్టి తక్కువ చెబుతుంటే మ్యాప్ ఇంత దారుణంగా పడిపోదు, పైగా ఈసీయూ గాలి తక్కువుందనుకుని డీజిల్ తగ్గిస్తుంది, నల్ల పొగ రాదు. మన దగ్గర మాఫ్ బాగుంది, మ్యాప్ పడిపోయింది, నల్ల పొగ వస్తోంది. ఈసీయూ 52 గ్రాముల గాలికి సరిపడా డీజిల్ కొడుతోంది, లోపలున్నది 37. మిగిలిన డీజిల్ సగం కాలి పొగైపోతోంది. అన్నీ ఒకే చోటుకి వేలు చూపిస్తున్నాయి. టర్బో తర్వాత, ఇంజన్ ముందు, ఎక్కడో లీకు.

మరి రెండో షెడ్డులో చూపించిన ఆయిల్ తడి? ఆ గొట్టంలో పల్చటి ఆయిల్ పొర మామూలే. ఇంజన్ బ్రీదర్ నుంచి ఆయిల్ ఆవిరి ఆ దారిలోకే వస్తుంది. గొట్టంలో ఆయిల్ నిలబడి కారుతుంటే మాత్రం భయపడాలి. నమ్మకం కోసం ఇంజన్ చల్లారాక టర్బో ముందు పైపు ఊడదీసి, ఇరుసుని వేళ్ళతో కదిపి చూశాం. పక్కలకి కొద్దిగా కదిలితే పర్వాలేదు. ముందుకీ వెనక్కీ చేతికి తెలిసేలా కదలకూడదు, రెక్కలు గోడకి రాసుకున్న గీతలు ఉండకూడదు. రెండూ లేవు.

ఇక్కడ ఒక సీరియస్ మాట చెప్పాలి. టర్బో సీలు నిజంగానే పోయి ఆయిల్ ఇంజన్లోకి వెళ్తే, డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే కాల్చుకుంటూ తనంతట తానే రేజ్ అయిపోతుంది. కీ తీసినా ఆగదు. తెల్లగా, నీలంగా దట్టమైన పొగ వస్తుంది. అలాంటప్పుడు గేరున్న కారైతే బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి, పెద్ద గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్ని ఆపాలి. ఆగకపోతే అందర్నీ దించి దూరంగా వెళ్ళిపోండి, బోనెట్ ఎత్తి చూద్దామనుకోవద్దు. కాబట్టి నీలం పొగ, ఆయిల్ వేగంగా తగ్గడం ఉంటే ఈ ఎపిసోడ్ చూస్తూ ఘాట్ టెస్ట్ చెయ్యకండి, బండి కదపకుండా మెకానిక్‌ని పిలవండి.

లీకు వెతకడానికి బావ స్నేహితుడు ఒక పంచర్ షాపాయన వచ్చాడు. అసలు హీరో ఆయనే. నేను లెక్క చెబితే ఆయన ఒక్క నిమిషం విని, "ట్యూబులో కన్నం ఎతికినట్టే గదా" అన్నాడు. అంతే కదా! మాఫ్ తర్వాత ఉన్న గొట్టం ఊడదీసి, దాని నోటికి పీవీసీ పైపు మూత బిగించి, మూతకి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు పెట్టాడు. టైర్లకి గాలి కొట్టే పంపుతోనే మెల్లగా కొట్టాడు. పది పీఎస్ఐ దాటనివ్వలేదు. దాటితే వేరే సీళ్ళు పోతాయి, మూత ఊడొచ్చి మొహాన కొడుతుంది. గాలి కొంచెం వాల్వుల దారిలో, బ్రీదర్ దారిలో ఎలాగూ పోతుంది, మీటర్ మెల్లగా దిగితే కంగారు పడక్కర్లేదు. మన దగ్గర మెల్లగా కాదు, సుర్రుమని దిగింది.

సర్ఫ్ నీళ్ళు చల్లితే పైన ఎక్కడా బుడగల్లేవు. కింద దూరి, ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం అడుగు వంపు దగ్గర చల్లితే నురగ కక్కింది. వేలంత పొడుగు చీలిక. గాలి లేనప్పుడు పెదాలు మూసుకున్నట్టు మూసుకుపోతుంది, చేత్తో తడిమినా తెలియదు. లోపల ఒత్తిడి పెరిగితేనే తెరుచుకుంటుంది. ఐడిల్‌లో చూసినవాళ్ళకి ఎలా దొరుకుతుంది? దానిచుట్టూ మట్టంతా ఆయిల్ జిడ్డుకి నల్లగా అంటుకుని ఉంది. కింద తిరగేసి చూసుంటే అదే చెప్పేది.

గొట్టం నర్సీపట్నంలో దొరకలేదు, విశాఖ నుంచి బస్సులో తెప్పించాం. గొట్టం, రెండు క్లాంపులు, పార్సిల్ ఛార్జీ కలిపి రెండు వేల మూడొందలు. ఈలోపు దానికి టేపు చుట్టి ఒక ట్రిప్ వేసుకుందామా అన్నాడు బావ. వద్దన్నాను. ఆ వేడికీ, జిడ్డుకీ ఏ టేపూ నిలబడదు, ఘాట్ మధ్యలో మళ్ళీ లారీ వెనకే ఉంటుంది.

కొత్త గొట్టం వేశాక అదే ఘాట్, అదే మూడో గేరు, అదే బియ్యం బస్తాలు. 2,400 దగ్గర మ్యాప్ 204, మాఫ్ 55. లెక్క వేస్తే రావాల్సింది 56. ఒక్క గ్రాము తేడా, అది నా 85 శాతం అంచనాలోని తప్పు. పొగ లేదు, లైట్ లేదు. ఇంతకుముందు రెండో గేర్లో ఏడ్చిన మలుపు దగ్గర మా పిల్లలు "మామా, చెవులు మూసుకుపోతున్నాయి" అన్నారు. బయటి గాలి ఒత్తిడి తగ్గడం ఫోన్ కంటే ముందు వాళ్ళ చెవులు పట్టేశాయి.

ఇంకో రెండు డౌట్లు ముందే చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. ఒకటి, "మా కారులో మాఫ్ లేదు, ఏం చెయ్యాలి?" కొన్ని ఇంజన్లలో ఉండదు, మ్యాప్‌తోనే లెక్క వేసుకుంటాయి. అప్పుడు ఈ గేటు, హాలు లెక్క కుదరదు. నేరుగా గాలి కొట్టి సర్ఫ్ నీళ్ళ టెస్ట్ చేసుకోవడమే. రెండు, "ఎంత మ్యాప్ వస్తే మంచిది?" కారుకో లెక్క. 204 అనేది బావ కారుకి బాగుంది, మీ కారుకి 180 కావొచ్చు, 240 కావొచ్చు. అందుకే బండి బాగున్న రోజునే ఒకసారి అదే రోడ్డు మీద, అదే గేర్లో రికార్డ్ చేసి దాచుకోండి. జబ్బు చేసినప్పుడు పోల్చుకోడానికి అంతకంటే మంచి రిపోర్టు ఏ షెడ్డులోనూ దొరకదు.

అక్క గాజులు చేతికే ఉన్నాయి. బావ మాత్రం ఆ నాలుగు వేల సెన్సర్ సంగతి ఇంకా ఒప్పుకోడు. "కొత్త సెన్సర్ వేశాకే గదరా లెక్క కుదిరింది" అంటాడు. పాతది ఇప్పుడు నా టేబుల్ సొరుగులో ఉంది, వచ్చే వీడియోలో దాన్ని కోసి లోపల ఏముందో చూపిస్తాను. బ్లూటూత్ ముక్క బావ దగ్గరే ఉండిపోయింది. సీజన్ మొదలైంది. తెల్లారగట్ల మూడింటికి కొయ్యూరులో కీ ఆన్ చేసి స్క్రీన్‌షాట్ పెడతాడు, 99. ఆరింటికి లంబసింగి నుంచి ఇంకోటి, 90. నాకు నిద్ర చెడుతోంది గానీ, నోటిఫికేషన్ మ్యూట్ చెయ్యలేదు.